సార్సరర్, సీడ్, 3 నిమిషాల 12 సెకన్లు: స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మాట మీద మాట పడిన చోట ఎవరి గొంతు వినిపించిందో వాళ్లదే రాశాను. ప్రోగ్రామర్ గారి మాట చాలాసార్లు మధ్యలో ఆగిపోయింది. ఆవిడ చెప్పబోయిందే అసలు విషయమని నా నమ్మకం. అందుకే ఆగిన చోటల్లా అలాగే ఉంచాను.)

మోడరేటర్: నమస్కారం. 1996 చివర్లో వచ్చిన డయాబ్లో అనే కంప్యూటర్ ఆట గురించి ఈ రోజు చర్చ. ఆ ఆటను సార్సరర్ అనే మాంత్రికుడి పాత్రతో 3 నిమిషాల 12 సెకన్లలో ముగించినట్టు 2009లో ఒక రికార్డు నమోదైంది. గిన్నిస్ దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ అందుకోలేకపోయారు. ఈ మధ్య ఒక బృందం ఆ వీడియోను అంగుళం అంగుళం పరిశీలించి, అలా ఆడటం సాధ్యం కాదని తేల్చింది. దాంతో, వేగంగా ముగించిన ఆటల వీడియోలు ఉంచే స్పీడ్ డెమోస్ ఆర్కైవ్ అనే సైట్ ఆ రన్‌ను, అంటే ఆ వేగపు ఆటను, తమ జాబితా నుంచి తీసేసింది. నేను సూటిగా అడుగుతున్నా. మాంత్రికుణ్ణి ఎంచుకోవడంతోనే సగం పని అయిపోయినట్టు కాదా? వారియర్‌తో, కత్తి పట్టుకుని చేస్తేనే కదా రికార్డు?

ప్రోగ్రామర్: గొడవ క్లాస్ గురించి, అంటే ఎంచుకున్న పాత్ర గురించి కాదండీ, సీడ్ గురించి. సీడ్ అంటే విత్తనమే. కొత్త ఆట మొదలుపెట్టిన క్షణంలో కంప్యూటర్ గడియారాన్ని బట్టి ఒక నంబరు పుడుతుంది. ఆ ఒక్క గింజ నుంచే పదహారు అంతస్తులూ మొలుస్తాయి. మెట్లు ఎక్కడుండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, అన్నీ దాని నుంచే. కాబట్టి మొదటి అంతస్తు ఒక గింజది, ఐదో అంతస్తు ఇంకో గింజది అయితే...

రన్నర్: ఒక్క నిమిషం మేడమ్. గింజల సంగతి తర్వాత. ముందు సెగ్మెంటెడ్ రన్ అంటే ఏంటో జనానికి చెప్పాలి. ఆటను ముక్కలు చేస్తాం. ముక్క చివర సేవ్ చేస్తాం. నచ్చేదాకా అదే ముక్క మళ్లీ మళ్లీ ఆడతాం. బాగా వచ్చినవన్నీ వరసగా కలుపుతాం. ఇది దొంగతనం కాదు, పాత సంప్రదాయం! 1997లో క్వేక్ అనే ఆట మొత్తాన్ని 19 నిమిషాల 49 సెకన్లలో చేశారు. ఒక్కో లెవెల్ ఒక్కొక్కరు ఆడి అతికించారు. స్పీడ్ డెమోస్ ఆర్కైవ్ పుట్టిందే క్వేక్ రన్‌ల కోసం. అతికించడం తప్పంటే ఆ చరిత్ర అంతా తుడిచేయాలి.

ప్రోగ్రామర్: అతికించడం తప్పని నేననలేదు. ముక్క మారినా సేవ్ అదే కదా? సేవ్ అదే అయితే సీడ్ కూడా అదే ఉండాలి. ఆ బృందం అడిగింది...

రన్నర్: ముక్కలుగా చేశానని ఆ రికార్డు పెట్టినతను దాచలేదు మేడమ్. అది చెప్పండి ముందు.

మోడరేటర్: సరే, మళ్లీ నా ప్రశ్నకే వద్దాం. సార్సరర్ కాబట్టే అంత వేగం, అంతేనా?

పాత ప్లేయర్: నేను చెప్తానండీ. నేను స్పీడ్‌రన్నర్‌ని కాదు, ఉత్త ఆటగాణ్ణి. 2000ల మొదట్లో మా ఊరి నెట్ సెంటర్‌లో రాత్రి షట్టర్ సగం దించాక ఆడేవాళ్లం. నేను ఎప్పుడూ బాణాలు వేసే పాత్ర రోగ్‌నే తీసుకునేవాణ్ణి. రెండో అంతస్తులో బుచర్ అనే రాక్షసుడు ఉంటాడు. వాడి గది తలుపు తెరిస్తే గుండె ఆగినంత పని. వాడితో దగ్గరికెళ్లి తలపడితే చచ్చామే. కటకటాల ఇవతల నిలబడి బాణాలు వేయాలి. వాడు అవతల తిరుగుతూనే ఉంటాడు, మనం వేస్తూనే ఉంటాం. నా పక్క కుర్రాడు నా మౌస్ మీద చెయ్యి వేసి "అన్నా ఆగు, వాడు మూలకొచ్చాక వెయ్యి" అనేవాడు. ఆ కుర్రాడి పేరు...

రన్నర్: అన్నా, మీరు ఆడింది వేరు, మేం చేసేది వేరు. రన్‌లో బుచర్ గది తలుపే తెరవం. అసలు అన్ని ఆటల్లో బుచర్ రాడు, కొన్ని క్వెస్టులు, అంటే ఆటలో ఇచ్చే పనులు, ఒక్కో ఆటలో పడతాయి, ఒక్కో ఆటలో పడవు. మనకు కావాల్సింది కిందికి దిగే మెట్లు మాత్రమే.

మోడరేటర్: అంటే రోగ్ కూడా వద్దు, సార్సరరే కావాలి! నేనన్నదే మీరూ అంటున్నారు.

రన్నర్: లెక్క చెప్తా, రాసుకోండి. ఆట సెకనుకు 20 ఫ్రేములు, అంటే 20 బొమ్మల చొప్పున నడుస్తుంది. ఒక మంత్రం వేయడానికి సార్సరర్‌కు 8 ఫ్రేములు, రోగ్‌కు 12, వారియర్‌కు 14. అంటే 0.4 సెకను, 0.6, 0.7. నడక మాత్రం ముగ్గురిదీ ఒకటే. డయాబ్లోలో పరుగు లేదు! కాబట్టి నడవకుండా ముందుకెళ్లే దారి వెతకాలి. అదే టెలిపోర్ట్, ఉన్న చోటు నుంచి ఇంకో చోటికి దూకించే మంత్రం. అది నేర్పే పుస్తకం చదవాలంటే పాత్రకు మ్యాజిక్ పాయింట్లు 105 ఉండాలి. సార్సరర్ 35తో మొదలవుతాడు, 250 దాకా పెంచుకోవచ్చు. వారియర్ 10తో మొదలవుతాడు, సొంత పాయింట్లతో 50 దాటడు. ఇక మీరే చెప్పండి.

ప్రోగ్రామర్: ఈ లెక్కలన్నీ నిజమే. కానీ 35 నుంచి 105కి మూడు నిమిషాల్లో ఎలా వెళ్తాడు? ఎక్కడో ఒక వస్తువు కలిసి రావాలి, టెలిపోర్ట్ మంత్రం కొన్నిసార్లు వేయగలిగేలా నింపిన కర్ర లాంటిది దొరకాలి. అది ఎక్కడ పడుతుందన్నది అదృష్టం. ఆ అదృష్టం ఒకే ఆటలోదా, పది ఆటల్లో ఏరుకున్నదా? నా ప్రశ్న...

మోడరేటర్: మేడమ్, నేను కూడా అదే అంటున్నా, మాంత్రికుడికి అదృష్టం ఎక్కువ.

ప్రోగ్రామర్: కాదండీ, నేనలా అనలేదు.

రన్నర్: కొత్తవాళ్లు చాలామంది చూస్తున్నారు, వాళ్లకు నేరుగా చెప్తా. మొదటిసారి ఆట పూర్తి చేయాలంటే వారియర్ తీసుకోండి. బలం 30, ప్రాణశక్తి 25తో మొదలవుతాడు, నాలుగు దెబ్బలు తిన్నా నిలబడతాడు. గుమ్మంలో నిలబడితే శత్రువులు ఒక్కొక్కరే వస్తారు, ఒక్కొక్కరినే నరుకుతారు. రన్ చేయాలంటే మాత్రం సార్సరర్. ఇంకో మాట. ఆట మొదట్లో చేతిలో ఉండేది వంద బంగారు నాణేలే. ఆయుధం మీద పెట్టొద్దు. కొంత బంగారం చేరాక, ఊళ్లో ఉండే మంత్రగత్తె ఏడ్రియా దగ్గరకెళ్లి స్క్రోల్, అంటే ఒక్కసారి వాడే మంత్రం చుట్ట, కొనండి. ఫేజింగ్ అనే మంత్రం స్క్రోల్ వాడితే దగ్గర్లోనే ఎక్కడో తేలతారు, ఎక్కడన్నది మన చేతిలో లేదు. ముగ్గురు చుట్టుముట్టినప్పుడు మూల నుంచి బయటపడటానికే అది. మెట్లు వెతకడానికి వాడితే వెనక్కి పడే రోజులే ఎక్కువ. మ్యాప్ ఎప్పుడూ తెరిచి ఉంచండి. కన్ను మ్యాప్ మీద, చెయ్యి మౌస్ మీద! డయాబ్లో టూలో కూడా ఇదే సూత్రం. అక్కడ సార్సరెస్‌కు 18వ లెవెల్లో టెలిపోర్ట్ వస్తుంది. అందుకే జనం ఆమెనే తీసుకుంటారు. దీన్ని మోసమంటే బంతి లెగ్ సైడ్ కొట్టేవాణ్ణి కూడా మోసగాడనాలి.

(ఈ సమాధానం ఇక్కడ రాసినదానికన్నా చాలా పెద్దది. చెప్పిందే మళ్లీ చెప్పిన భాగాలు వదిలేశాను. వారియర్ గుమ్మం చిట్కా మూడుసార్లు వచ్చింది.)

పాత ప్లేయర్: లెగ్ సైడ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. క్రికెట్‌లో ఐదు మ్యాచుల్లో మంచి ఓవర్లు ఏరి ఒక మ్యాచ్‌గా చూపిస్తే ఒప్పుకుంటారా?

రన్నర్: హైలైట్స్ అని పేరు పెట్టి చూపిస్తే ఎందుకు ఒప్పుకోం అన్నా?

పాత ప్లేయర్: స్కోరు బోర్డు మీద రాయరు కదయ్యా!

(స్టూడియోలో చప్పట్లు.)

మోడరేటర్: బాగుంది, బాగుంది. అయితే వారియర్‌తో చేసినవాడి స్కోరు వేరే బోర్డు మీద రాయాలంటారా?

ప్రోగ్రామర్: రాస్తున్నారండీ, క్లాస్‌ను బట్టి విడివిడిగా పట్టికలు పెట్టుకోవచ్చు, ఇందులో గొడవే లేదు. నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వండి. ఆ బృందం ఏం చేసిందంటే, సీడ్ ఇస్తే మ్యాప్ గీసే ప్రోగ్రామ్ ఒకటి తయారు చేసుకుంది. కోట్లకొద్దీ సీడ్‌లు దాని గుండా నడిపింది. వీడియోలో కనిపించిన మెట్లు, గోడలు, గదుల వరసతో పోల్చి చూసింది. ఆ అంతస్తులన్నీ ఇచ్చే ఒక్క సీడ్ కూడా దొరకలేదు. అంటే ముక్కలు ఒక ఆటవి కావు, వేర్వేరు ఆటలవి. సెగ్మెంటెడ్ అన్న మాట దీన్ని కప్పదు. ఒక కుర్రాడు రాత్రుళ్లు కూర్చుని ఆ 3:12ను అందుకోవాలని ఏళ్లు ఖర్చు పెట్టి ఉంటాడు. అతను పరిగెత్తింది లేని గీత వైపు. నాకు బాధ అక్కడ.

మోడరేటర్: (కాసేపటి తర్వాత) భావోద్వేగంగా చెప్పారు మేడమ్.

రన్నర్: బాధ నాకూ ఉంది. కానీ అప్పటి నియమాలు అప్పటివి. 2009లో ఆ ప్రోగ్రామ్ లేదు, ఆ లెక్కలు లేవు. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన పనిముట్టుతో పాతవాణ్ణి కొలవడం న్యాయమా? ఇలా తవ్వుకుంటూ పోతే ఏ రికార్డు మిగులుతుంది? మీరు తవ్వండి, మేం ఆడతాం!

(మళ్లీ చప్పట్లు. ఈసారి ఎక్కువసేపు.)

ప్రోగ్రామర్: ఒకటి అడుగుతా, అవునో కాదో చెప్పండి. మీరు సెగ్మెంటెడ్ రన్ పెట్టేటప్పుడు సేవ్ ఫైల్ కూడా ఇస్తారా? సీడ్ చూసుకోమని?

రన్నర్: నా రన్ అంతా లైవ్‌లోనే చేస్తానండీ, వేలమంది చూస్తారు. చేతులు కనిపిస్తాయి, కీబోర్డు కనిపిస్తుంది...

ప్రోగ్రామర్: నేనడిగింది సెగ్మెంటెడ్ సంగతి. సేవ్ ఫైల్ ఇస్తారా?

రన్నర్: చేతులు కనిపిస్తుంటే ఫైల్ ఎందుకు మేడమ్? 2010 నుంచి గేమ్స్ డన్ క్విక్ వాళ్లు సేవా సంస్థల కోసం జనం ఎదుటే ఆడుతున్నారు, అక్కడ ఫైల్ ఎవరడిగారు?

పాత ప్లేయర్: అక్కడ ఎదురుగా కూర్చుని ఆడతారు కదా, ముక్కలు ఎక్కడివి?

మోడరేటర్: సమయం అయిపోయిందని చెబుతున్నారు. ఎక్కువ సమాచారం ఇచ్చింది మన రన్నర్ గారే, చప్పట్లు కూడా ఆయనకే పడ్డాయి. చివరిగా ఒక్క మాటలో చెప్పండి. వారియరా, సార్సరరా?

రన్నర్: సార్సరర్.

పాత ప్లేయర్: నేను చచ్చేదాకా రోగే.

ప్రోగ్రామర్: నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదండీ. సేవ్ ఫైల్...

(ఇక్కడ టైటిల్ సంగీతం వచ్చింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించలేదు.)