కుర్చీలో మనవాడే ఉన్నప్పుడు

అందరికీ నమస్కారం. ఈ వారం కర్నూలులో ఉన్నాను. నా వెనుక కనిపిస్తున్నది కొండారెడ్డి బురుజు. ఇది చూడదగ్గ ప్రదేశాల వీడియో కాదు. అమెరికాలోని ఒహాయోలో ఆఫీసుకు వెళ్తూ కారులో రేడియో వింటుంటే చాలాకాలంగా నన్ను వేధిస్తున్న ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు మా జిల్లా బస్సుల చరిత్రలో దొరికింది. అది చెప్పాలనే కెమెరా తీశాను.

ఆ రేడియోలో పొద్దున్నే శ్రోతలు ఫోన్ చేసి రాజకీయాల మీద మాట్లాడతారు. అక్కడి చట్టసభ కాంగ్రెస్‌ను పక్కనబెట్టి అధ్యక్షుడు ఒక ఉత్తర్వు ఇచ్చాడనుకోండి. ఆయన తమ పార్టీవాడైతే 'పనిచేసే మనిషి' అంటారు. ఎదుటి పార్టీవాడైతే 'రాజ్యాంగం ఏమైంది' అని నిలదీస్తారు. నాలుగేళ్ల తర్వాత అధ్యక్షుడు మారతాడు, వీళ్ల మాటలు వాళ్లకూ వాళ్ల మాటలు వీళ్లకూ మారతాయి. ప్రభుత్వానికి హద్దు ఉండాలని నిజంగా నమ్మేవాళ్లు ఎందరు, ఎదుటివాడికి మాత్రమే హద్దు కావాలనుకునేవాళ్లు ఎందరు? నా ప్రశ్న అదే.

పాత బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటూ పక్క బల్ల మీద ఉన్నవాళ్లను ఇదే అడిగాను. వాళ్ల ముఖాలు చూపించవద్దన్నారు, అందుకే మాటలు మాత్రమే చెబుతున్నాను. ఒక రైతు, 'గెలిచినవాడు తనవాళ్లకు చేసుకోకపోతే గెలవడం ఎందుకు?' అన్నాడు. ఆయన ఎదురుగా కూర్చున్న టీచరమ్మ ఊరుకోలేదు. 'అన్నా, నువ్వు కట్టే పన్నులో పార్టీ పేరు రాసి కడుతున్నావా?' అని అడిగింది. ఆ మాట విన్నప్పుడు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. రేడియోలో నేను వినాలని ఎదురుచూసిన మాట అది.

ఇంటికి వచ్చి ఇదంతా మా పెదనాన్నకు చెప్పాను. ఆయన ప్రైవేటు బస్సులో క్లీనరుగా మొదలుపెట్టి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. 'మన జిల్లా బస్సుల కేసు నీకు తెలియదా?' అన్నారు. ఆయన చెప్పినదాన్ని ఆ రాత్రి తీర్పుతో సరిచూసుకున్నాను.

అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మన పక్క అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన సొంతూరు. 1962 ఎన్నికల్లో అప్పట్లో మన జిల్లాలో ఉన్న డోన్ నుంచి శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత కర్నూలు జిల్లా పడమటి భాగంలోని బస్సు రూట్లను జాతీయం చేస్తూ, అంటే ప్రైవేటు యజమానుల నుంచి ప్రభుత్వపరం చేస్తూ పథకం వచ్చింది. బస్సుల యజమానులు కోర్టుకు వెళ్లారు. రూట్లను జాతీయం చేయడం తప్పని వాళ్లు అనలేదు, ఆ అధికారం చట్టంలోనే ఉంది. వాళ్ల ఆరోపణ వేరు. వరుసలో ముందు రావలసిన ప్రాంతాలను వదిలి ఈ పడమటి భాగాన్నే ముందుకు లాగారనీ, ఎన్నికల్లో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా నిలిచిన యజమానులను దెబ్బతీయడమే దాని ఉద్దేశమనీ వాళ్లు వాదించారు.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముఖ్యమంత్రి మీద నేరుగా ఆరోపణ వచ్చినప్పుడు దాన్ని కాదంటూ ఆయన స్వయంగా ప్రమాణపత్రం (అఫిడవిట్) వేయలేదు. కాదనేవారు లేని ఆరోపణను నిలిచినట్టే తీసుకుని, 1964లో కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. చట్టం ఇచ్చిన అధికారమైనా సరే, కక్ష తీర్చుకోవడానికి వాడితే చెల్లదని తేల్చింది. ఆ తీర్పులోని వ్యాఖ్యల తర్వాత ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కేంద్రంలో కాంగ్రెస్, రాష్ట్రంలో కాంగ్రెస్, ఎదురులేని రోజులవి. అలాంటి రోజుల్లో ఒక జిల్లాలోని సగం భాగం బస్సుల మీద వచ్చిన కేసుతో ముఖ్యమంత్రి కుర్చీ దిగారు. ఈ సంగతి మన పిల్లలకు బడిలో చెప్పాలని నా గట్టి కోరిక. ఇంకో మాట కూడా చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికయ్యాక ఆయన తన పార్టీ సభ్యత్వాన్నే వదులుకున్నారు. స్పీకరు అందరివాడుగా ఉండాలన్నది ఆయన నమ్మకం. స్పీకర్లు పార్టీని వదులుకోవాలని మన చట్టం ఇప్పటికీ నిర్బంధించదు. ఫిరాయింపుల నిషేధాన్ని తెచ్చిన 1985 నాటి రాజ్యాంగ పదో షెడ్యూలు, వదులుకోదలిస్తే అనర్హత లేకుండా వెసులుబాటు మాత్రం ఇచ్చింది. దాన్ని వాడుకున్నవాళ్లు ఎక్కడ?

అమెరికాలోనూ ఇలాంటి రోజు ఒకటి ఉంది. 1952 ఏప్రిల్‌లో కొరియా యుద్ధం నడుస్తుండగా ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. యుద్ధానికి ఉక్కు ఆగకూడదని అధ్యక్షుడు ట్రూమన్ ఫ్యాక్టరీలను ప్రభుత్వ స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చాడు. యంగ్‌స్టౌన్ అనే కంపెనీ పేరుతో ఆ కేసు ప్రసిద్ధమైంది, అది మా ఒహాయో కంపెనీయే. అప్పటి సుప్రీంకోర్టులో తొమ్మిది మందినీ నియమించింది రూజ్వెల్ట్, ట్రూమన్‌లే, ఇద్దరూ డెమోక్రాట్లే. అయినా జూన్ 2న ఆరుగురు ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ట్రూమన్ స్వయంగా నియమించినవాళ్లు. చట్టసభ ఇవ్వని అధికారాన్ని అధ్యక్షుడు తనకు తాను ఇచ్చుకోలేడని తీర్పు. ట్రూమన్ ఫ్యాక్టరీలు తిరిగి ఇచ్చేశాడు. తనను నియమించినవాడికే కాదని చెప్పిన ఆ ఇద్దరు న్యాయమూర్తులంటే నాకు చాలా గౌరవం. రేడియోకు ఫోన్ చేసేవాళ్లలో అలాంటివాళ్లు కావాలి, ఊళ్లలోనూ కావాలి.

మన రాష్ట్రంలో దగ్గరి ఉదాహరణ కావాలంటే 2020లో పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు గుర్తుతెచ్చుకోండి. హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టూ అదే నిలబెట్టింది. ఏ పార్టీ రంగులన్నది నేను చెప్పను, మీకు తెలుసు. రేపు ఇంకో పార్టీ వేసినా నా మాట ఇదే.

సాయంత్రం మేడ మీద ఇదంతా చెబుతుంటే మా వీధి కుర్రాడు ఒకడు విన్నాడు. 'అన్నా, మీరు చెప్పేది పెద్దల కథ. బస్సుల యజమానుల దగ్గర డబ్బుంది, లాయరు ఉన్నాడు. మా అవ్వకు పింఛను ఆగిపోయింది. మేము వేరే పార్టీ జెండా కట్టినందుకే ఆపారని ఊరంతా అంటున్నారు. ఆమె సుప్రీంకోర్టుకు ఎట్లా వెళ్తుంది?' అని అడిగాడు. గొంతులో బాధ ఉంది. ఊరంతా అనడం సాక్ష్యం కాదు, కారణం ఇంకేదైనా ఉండవచ్చు. కానీ ఆ కారణమేమిటో తెలుసుకునే హక్కు అవ్వకు ఉంది. ఎందుకు ఆపారో కాగితం మీద చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. అన్యాయమని తేలితే హైకోర్టులో ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రశ్నించే రిట్ పిటిషన్ వేయవచ్చు. దానికి లాయరు ఖర్చు లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఈ పని కోసమే ఉంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు, పెదనాన్న మాత్రం 'ముందు దరఖాస్తు రాయి, తర్వాత చూద్దాం' అని పెన్ను చేతిలో పెట్టారు. రేపు ఉదయం అవ్వను తీసుకుని ముగ్గురం వెళ్తున్నాం. కెమెరా తీసుకెళ్లను, అది వాళ్ల ఇంటి విషయం. ఆమె ఒప్పుకుంటే జవాబు వచ్చాక ఏమైందో చెబుతాను.