నడుము దగ్గరి మచ్చ

(గుంటూరులో ప్రాథమిక వైద్యుల నిరంతర వైద్య విద్య సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే మాచర్ల నుంచి, రేపల్లె నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. డాక్టరన్నవాడు అయిదేళ్ళలో కనీసం 30 గంటలు ఇలాంటి క్లాసుల్లో కూర్చోవాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఏడాదికి ఆరు గంటలు. అందులో ఒక గంట నా చేతిలో పెట్టారు. కొత్త మందుల పేర్లు చదువుతూ ఆ గంట గడిపేయడం నాకు ఇష్టం లేదు. మన ఓపీలో రోజూ కనపడే జ్వరం, బీపీ, షుగర్ పేషెంటు పాదం, వీటి గురించే మాట్లాడతాను. ఎక్కువ సేపు జ్వరం దగ్గరే ఉంటాను. ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

పదిహేనేళ్ళు దాటింది. నవంబరు నెల, పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజులు. సత్తెనపల్లి వైపు ఒక పల్లె నుంచి ముప్పై అయిదేళ్ళ ఆవిడని నేనప్పుడు పనిచేస్తున్న ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఎనిమిది రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి. ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువ, లివర్ ఎంజైములు కొంచెం ఎక్కువ, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్. అప్పటికే నాలుగు రోజులుగా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నడుస్తోంది. టైఫాయిడ్ తగ్గడానికి టైం పడుతుందిలే అనుకుని నేనూ అదే కొనసాగించాను. ఊపిరితిత్తులు విన్నాను, పొట్ట నొక్కి చూశాను. రెండూ చీర మీదుగానే.

పదో రోజు ఆయాసం మొదలైంది. ఐసీయూకి మార్చి యూరిన్ ట్యూబు వేస్తుంటే స్టాఫ్ నర్సు పిలిచింది. "సార్, ఇక్కడేదో కాలిన మచ్చ ఉంది." లంగా బొందు కట్టే చోట, సరిగ్గా ఆ గీత కింద, శనగబద్దంత నల్లటి పక్కు. చుట్టూ ఎర్రటి అంచు. అగరొత్తి అంటుకుని కాలితే మిగిలే మచ్చ ఎలా ఉంటుందో అలా ఉంది. అదే వైపు గజ్జలో బిళ్ళ కట్టి ఉంది. ఆ రాత్రే డాక్సీసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఆవిడ బతికింది. కానీ పదకొండు రోజులు ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. పుస్తెలతాడు తాకట్టుకి వెళ్ళింది. డిశ్చార్జి రోజు ఆ మచ్చ సంగతి వాళ్ళమ్మని అడిగాను. "స్నానం చేయించేటప్పుడు చూశానయ్యా, ఏదో పురుగు ముట్టిందనుకున్నా. ఎవరూ అడగలేదు గదా" అంది.

ఎవరూ అడగలేదు. ఆర్‌ఎంపీ అడగలేదు, మండలంలో చూసిన డాక్టరు అడగలేదు, ఎండీ చదివిన నేనూ అడగలేదు. కొన్ని రూపాయల క్యాప్సూల్‌తో వారంలో తేలాల్సిన జబ్బు ఆ ఇంటిని అప్పులపాలు చేసింది.

అది స్క్రబ్ టైఫస్. మీకు తెలియని జబ్బేమీ కాదు, పరీక్షల్లో రాసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దుల్లో సైనికుల్ని పడగొట్టిన జ్వరమని చదివి, ఎక్కడో అడవుల జబ్బని పక్కన పెట్టేశాం. మన పత్తి చేలల్లో, కాలవ గట్ల మీద, పశువుల కోసం గడ్డి కోసే చోట, ఇంటి వెనక పెరిగిన పిచ్చిమొక్కల్లో అది ఉంది. చిగ్గర్ అనే మైట్ పిల్లపురుగు కుట్టి ఈ జబ్బు క్రిమిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ పురుగు కంటికి ఆనదు. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, ఆ మచ్చకి దురద కూడా సాధారణంగా ఉండదు. అందుకే పేషెంటు తనంతట తాను చెప్పడు. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. వానలు వెనకపట్టిన దగ్గర్నుంచి చలికాలం చివరిదాకా ఎక్కువగా చూస్తాం.

ఆ మచ్చనే ఎస్కార్ అంటాం. అందరిలోనూ కనపడదు. కనపడిందా, రిపోర్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎక్కడ వెతకాలో నేను చూసే వరస చెబుతాను. చెవి వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట, చంకలు, రొమ్ముల కింద, బొడ్డు, నడుము చుట్టూ బట్ట బిగించే గీత, గజ్జలు, మగవాళ్ళలో వృషణాల దగ్గర, పిరుదులు, మోకాలి వెనక మడత. పురుగు పాకుతూ పోయి బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగుతుంది. చెమట పట్టే చోట నల్లటి పక్కు నిలవదు. తెల్లగానో పసుపుగానో ఉన్న చిన్న పుండులా కనపడుతుంది, దాన్ని బట్ట ఒరుసుకున్న పుండు అనుకుని వదిలేస్తాం. ఒక్క చిట్కా చెబుతాను. ముందు బిళ్ళలు తడమండి. ఏ చంకలోనో, ఏ గజ్జలోనో బిళ్ళ నొప్పిగా తగిలితే, ఆ దారిలో కిందికి వెతుక్కుంటూ వెళ్ళండి.

వందమంది ఓపీలో ఇది కుదరదని మీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. నేనూ పీహెచ్‌సీలో పనిచేశాను. ప్రతి జ్వరానికీ అక్కర్లేదు. అయిదు రోజులు దాటి, ఎక్కడి నుంచి వస్తోందో తెలియని జ్వరానికి చాలు. అలాంటివాళ్ళు రోజుకి ఎంతమంది వస్తారు? రెండు నిమిషాల పని. ఆడవాళ్ళ విషయంలో మొహమాటం నిజమే. దానికి దారి ఉంది. ఒక పరదా కట్టించండి. ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో ఎస్కార్ ఫొటోలు చూపించి నేర్పండి. పేషెంటుని "ఏమ్మా, బట్ట కట్టే చోట, లోపల ఎక్కడన్నా మాడినట్టు మచ్చ ఉందా?" అని తిన్నగా అడగండి. మన ఆడవాళ్ళు అడిగితే చెబుతారు. వాళ్ళమ్మకో, కూతురికో చెప్పి చూడమన్నా సరే.

మందు గురించి. పెద్దవాళ్ళకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకి అజిత్రోమైసిన్ 500 రోజుకి ఒకటి, అయిదు రోజులు. పిల్లలకి డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్ళు పచ్చబడతాయన్న భయం పాత టెట్రాసైక్లిన్ నుంచి వచ్చింది, ఇంత తక్కువ రోజుల కోర్సుకి అది అడ్డు కాదు. క్యాప్సూల్ అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు. లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. పాలతో, ఐరన్, కాల్షియం బిళ్ళలతో, గ్యాస్ సిరప్పుతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఇవి మనమే చెప్పాలి, మందుల షాపులో చెబుతారని వదిలేయకండి. ఇక సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని రోజులు ఎక్కించినా ఈ క్రిమి మీద పనిచేయదు. ఆ క్రిమి మన కణం లోపల దాక్కుని బతుకుతుంది.

సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే మన అంచనా తప్పేమోనని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఆయాసం, మతి తప్పడం, మూత్రం తగ్గడం, బీపీ పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా మొదటి డోసు వేసి పెద్దాస్పత్రికి పంపండి. అలాంటి సీరియస్ కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే, ఏదో ఒకటి ఇచ్చినదానికంటే మేలని 2023లో మన దేశంలోనే జరిగిన ట్రయల్ చూపించింది.

ఈ డాక్సీసైక్లిన్‌కీ మనకీ ఒక బంధుత్వం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకి సారథిగా ఉన్న రోజుల్లోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది అదే, డాక్సీసైక్లిన్ తర్వాత పుట్టిన తమ్ముడు. సుబ్బారావు గారు పోయిన 1948లోనే కౌలాలంపూర్‌లో మరో సంగతి జరిగింది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ని స్క్రబ్ టైఫస్ మీద పరీక్షిస్తుంటే, స్క్రబ్ అనుకుని మందు ఇచ్చినవాళ్ళలో కొందరిది నిజానికి టైఫాయిడ్ అని తర్వాత తేలింది. వాళ్ళకీ జ్వరం దిగింది. టైఫాయిడ్‌కి మొట్టమొదటి మంచి మందు మనకి అలా దొరికింది. అంతటి పరిశోధకులకే మంచం పక్కన నిలబడి చూస్తే ఈ రెండు జ్వరాలూ ఒకటిగా కనపడ్డాయి. మనం ఒక్క వైడాల్ కాగితంతో తేల్చేస్తున్నాం.

వైడాల్ 1896 నాటి పరీక్ష. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని చెప్పలేం. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్‌కీ, వేరే ఇన్‌ఫెక్షన్లకీ అది పాజిటివ్ వస్తుంది. "నాకు ఏటా టైఫాయిడ్ వస్తుంది సార్" అని చెప్పేవాళ్ళు మన దగ్గర ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్ళలో చాలామందికి ఏటా వస్తున్నది వైడాల్ పాజిటివ్ మాత్రమే. టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ తీయించండి. మీ దగ్గర సౌకర్యం లేకపోతే ల్యాబ్ సీసాలు తెప్పించుకోవచ్చు.

డెంగీ గురించి రెండే మాటలు. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, తర్వాత ఐజీఎం పరీక్ష, ఇది అందరికీ తెలుసు. ప్రమాదం ఉండేది జ్వరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులు. సరిగ్గా ఆ రోజే ఇంట్లోవాళ్ళు తగ్గిపోయిందని సంబరపడతారు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, నీరసంగా పడిపోవడం ఉంటే వెంటనే రమ్మని చీటీ మీద తెలుగులో రాసివ్వండి. ప్లేట్‌లెట్ల అంకె కోసం టెన్షన్ పడే ఇంటిల్లిపాదికీ హీమటోక్రిట్ పెరగడం, అంటే రక్తం చిక్కబడటం గురించి ఎవరూ చెప్పరు. రక్తస్రావం లేకుండా, అంకె తగ్గిందని మాత్రమే ప్లేట్‌లెట్లు ఎక్కించక్కర్లేదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరం దించడానికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయకండి. పారాసిటమాల్ చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మనలో కొందరు అక్కడ క్యాంపుల్లో పనిచేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి జ్వరంలోనూ "నీళ్ళలో ఎన్ని రోజులు నడిచావు?" అని అడగడం అలవాటైంది. పిక్కలు నొక్కితే నొప్పి, కళ్ళు ఎర్రబడటం, కామెర్లు ఉంటే, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ గుర్తుకురావాలి. ఆ అడిగే అలవాటు వరద తీశాక కూడా పోకూడదు. వరికి నీళ్ళు కట్టే రైతు ఏటా నీళ్ళలోనే ఉంటాడు.

బీపీ దగ్గర ఎక్కువసేపు ఆగను. ఫుల్ చేతుల చొక్కా మీద పట్టీ చుట్టకండి, పైకి మడిచి బిగించిన చొక్కా మీదా వద్దు. చేయి బల్ల మీద ఆనాలి, వీపు కుర్చీకి ఆనాలి, కొలిచేటప్పుడు పేషెంటూ మాట్లాడకూడదు, మనమూ మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనపడుతుంది. మెట్లెక్కి వచ్చినవాడిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు కొలవండి. ఇంతపాటి పనికి ఒక మనిషి జీవితాంతం మింగే బిళ్ళ తప్పొచ్చు.

చివరిగా పాదం. షుగర్ పేషెంటు చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వస్తాడు. కాళ్ళు మన బల్ల కింద ఉంటాయి. మనం రిపోర్టు చూస్తాం, డోసు మారుస్తాం, పంపించేస్తాం. రోహిణి కార్తెలో గుడి చుట్టూ వట్టి కాళ్ళతో ప్రదక్షిణ చేసి, అరికాలు బొబ్బలెక్కినా తెలియని మనిషిని నేను చూశాను. పక్కమీద మరకలు చూసి కోడలు చెబితే తెలిసిందట.

పాదంలో స్పర్శ ఉందో లేదో చూసే 10 గ్రాముల మోనోఫిలమెంట్ తీగ లేకపోయినా ఇబ్బంది లేదు. చూపుడు వేలు చాలు. పేషెంటు కళ్ళు మూసుకోవాలి. రెండు కాళ్ళకీ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, ఈ ఆరు కొసల్నీ ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు, ఈక వాలినంత తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, రాయకూడదు. తగిలినప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పమనాలి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదం స్పర్శ పోగొట్టుకుంటున్నట్టే. చెప్పుల గురించి, రోజూ రాత్రి పాదం చూసుకోవడం గురించి ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాలి.

ఇది చెబితే రాదు, చేస్తే వస్తుంది. స్లైడ్లు ఆపేస్తున్నాను. పక్కపక్కన ఉన్న ఇద్దరిద్దరు ఎదురెదురుగా కుర్చీలు తిప్పుకోండి. చెప్పులు, సాక్సులు తీసేయండి. ఒకరు కళ్ళు మూసుకోండి, మొదట కుడి బొటనవేలు.