రాణిగారి పేరులో కంటిమంట ఎందుకుంది? హవాయి పేర్ల కథ

(తెర మీద: రాణి లిలిఉఓకలాని పాత ఫొటో)

హవాయిని పాలించిన చివరి రాణి ఈమె. 1893లో అమెరికన్ వ్యాపారుల కుట్రతో గద్దె దిగాల్సి వచ్చింది. ఈ చరిత్ర చాలామందికి తెలుసు. ఈరోజు ఆమె పేరు గురించి మాట్లాడుకుందాం.

1838 సెప్టెంబరులో హొనొలులులో ఈమె పుట్టినప్పుడు పెట్టిన పేర్లు ఇవి: లిలిఉ, లోలోకు, వలానియా, కమాకఎహా. అంటే వరసగా చురచుర మంట, కన్నీళ్లు, భగభగలాడే నొప్పి, నొప్పి కన్ను.

పసిబిడ్డకు ఇవేం పేర్లు అనిపిస్తుంది కదా! అప్పట్లో రాజు తర్వాత అంతటి అధికారం కీనఉ అనే దొరసానిది. పాప పుట్టిన వేళకి ఆవిడ కళ్ల జబ్బుతో అల్లాడుతోంది. పేర్లు పెట్టింది ఆవిడే. హవాయి వాళ్ల పద్ధతిలో పేరు అంటే ఆ రోజు జరిగినదాన్ని రాసిపెట్టుకోవడం కూడా. 1877లో అన్న కలాకౌవా రాజు చెల్లెల్ని వారసురాలిగా ప్రకటిస్తూ లిలిఉఓకలాని అని పేరు మార్చాడు. అప్పుడు కూడా ఆ 'లిలిఉ'ని తియ్యలేదు. రాజవంశీకుల మంట అని కొత్త పేరుకి అర్థం.

కొన్ని పేర్లు కలలో వచ్చేవి. వాటిని 'ఇనోవా పో', అంటే రాత్రి పేరు అంటారు. పూర్వీకులు కలలో చెప్పిన పేరు పెట్టకపోతే బిడ్డకు జబ్బు చేస్తుందని భయం. దుష్టశక్తుల కన్ను పడకుండా వికారం, కంపు లాంటి అర్థాలొచ్చే పేర్లు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. ఇది మనకి బాగా తెలిసిన భయమే. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని, ఎంగిలి విస్తళ్ల మీద పడుకోబెట్టి పుల్లయ్య అని పిలుచుకున్నాం. మహాసముద్రం అవతల కూడా తల్లుల భయం ఒకటే.

(తెర మీద: 1860)

ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. పిల్లలకు క్రైస్తవ పేరు ఉండాలి, తండ్రి పేరు ఇంటిపేరు కావాలి, పెళ్లయిన ఆడవాళ్లు భర్త పేరు పెట్టుకోవాలి అని 1860లో చట్టం వచ్చింది. అంతకుముందు హవాయిలో ఇంటిపేరు అనే పద్ధతే లేదు. ఇక తాతల పేర్లు, కలలో వచ్చిన పేర్లు మధ్య పేరుగా సర్దుకున్నాయి. క్రైస్తవ పేరు తప్పనిసరి అనే నిబంధన 1967 దాకా పోలేదు. వందేళ్లకు పైగా! నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

(తెర మీద: వైకీకీ బీచ్)

ఊళ్ల పేర్లకొస్తే, టూరిస్టులందరికీ తెలిసిన వైకీకీనే తీసుకోండి. 'వై' అంటే మంచినీళ్లు. సముద్రపు నీళ్లకు 'కై' అనే వేరే మాట ఉంది. వైకీకీ అంటే చిమ్ముకొచ్చే మంచినీళ్లు. ఇప్పుడు హోటళ్లున్న ఆ చోట ఒకప్పుడు ఊటలు, వాగులు, చేమ మడులు, చేపల చెరువులు ఉండేవి. 1920లలో 'అలా వై' అనే కాలువ తవ్వి ఆ మాగాణినంతా ఎండగట్టారు. నీళ్లు పోయాయి, పేరు ఒక్కటి మిగిలింది. అన్నట్టు, హవాయి భాషలో సంపదని 'వైవై' అంటారు, నీళ్లు నీళ్లు అన్నట్టు.

కుటుంబాన్ని 'ఒహానా' అంటారని మీరు వినే ఉంటారు. అది 'ఒహా' నుంచి వచ్చింది. చేమదుంప పక్కన పుట్టే పిలక పేరే ఒహా. వాళ్ల పురాణంలో చచ్చిపుట్టిన బిడ్డను పాతిపెట్టిన చోట తొలి చేమ మొక్క మొలిచింది. ఆ తర్వాత పుట్టిన తమ్ముడే తొలి మనిషి, హాలోవా. అంటే వాళ్లకి చేమ మొక్క అన్న వరస. మనం వేపుడు చేసుకునే ఆ దుంపే అక్కడ ఇంటి పెద్ద.

1896లో బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం తప్పనిసరి అయ్యాక భాష దాదాపు పోయేదాకా వచ్చింది. 1978లో మళ్లీ అధికార భాష అయింది. 1984లో చిన్నపిల్లలకు హవాయి భాషలోనే నడిచే బడి మొదలైంది.

(తెర మీద: డ్రైవింగ్ లైసెన్స్ బొమ్మ)

ఇక 2013 నాటి సంగతి. ఒకావిడ ఇంటిపేరులో 35 అక్షరాలు. లైసెన్స్ మీద చోటు చాలక చివరి అక్షరం ఎగిరిపోయింది, అసలు పేరైతే లేనే లేదు. ఆవిడ ఇంటిపేరు కుదించుకోవడానికి ఒప్పుకోలేదు. విషయం వార్తల్లోకెక్కాక, కార్డు మీద 40 అక్షరాలు పట్టేలా రాష్ట్ర ప్రభుత్వమే పద్ధతి మార్చింది.