నది కోసం కొన్న నీళ్ళనే తోడేశారు... అదీ చట్టప్రకారమే!

జనం పన్నుల డబ్బుతో ప్రభుత్వం నీళ్ళు కొంది. ఎండిపోతున్న నదికి ఇవ్వడానికి! ఆ నీళ్ళు పారుతూ కిందికి వస్తుంటే, ఒడ్డున పెద్ద పెద్ద మోటార్లున్న సాగుదారులు పత్తికి తోడుకున్నారు. దొంగతనం అంటారా? కాదండీ. తోడుకోవచ్చని నియమాల్లోనే ఉంది.

ఆస్ట్రేలియాలో బార్వన్-డార్లింగ్ నది సంగతి ఇది. ఈ నదీ, ముర్రే నదీ, వాటి ఉపనదులూ పారే ప్రాంతాన్ని ముర్రే-డార్లింగ్ బేసిన్ అంటారు. సాగుకెంత, నదికెంత అన్నదే అక్కడి పాత గొడవ, మొదట్నుంచీ చెప్పను. 2012లో ఆ నీళ్ళ పంపకానికి కేంద్ర ప్రభుత్వ ప్రణాళిక, బేసిన్ ప్లాన్ వచ్చింది. ఏడాదికి సగటున 2,750 గిగాలీటర్లు, మన లెక్కలో దాదాపు 97 టీఎంసీలు, నదులకు తిరిగి ఇస్తామన్నారు. సాగుదారుల దగ్గర నీళ్ళు తోడే లైసెన్సులు కొని ఆ వాటా నదికే వదిలెయ్యాలి. బాగుంది. కానీ అదే 2012లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ నదికి తన నియమాలు తను రాసుకుంది. ప్రవాహం తక్కువగా ఉన్నా మోటార్లు నడపొచ్చు. పైన నది కోసం వదిలిన నీళ్ళు కింది మోటారు దగ్గరికొచ్చేసరికి మామూలు నీళ్ళే, వాటికి ఏ రక్షణా లేదు. కంచే చేను మేయడం అంటే ఇదే.

2017 జూలైలో ఆస్ట్రేలియా ప్రభుత్వ చానెల్ ఏబీసీ ఈ సంగతి బయటపెట్టాక గానీ దేశం ఉలిక్కిపడలేదు. ఆ నియమం మార్చింది ఎప్పుడో తెలుసా? 2020 డిసెంబర్‌లో! ఎనిమిదేళ్ళు!

నేను ఈ వీడియోలో చెప్పేది ఒక్కటే. ఎంత కొన్నారు అని అడగడం మానండి, ఎంత చేరింది అని అడగండి. కొన్న లెక్క రాజధాని కాన్‌బెర్రాలో ఉంటుంది. చేరిన లెక్క ఈ నది దిగువన సరస్సులున్న మెనిండీ అనే ఊళ్ళో ఉంటుంది. ఈ రెండు లెక్కలూ కలవకుండా చూసుకోవడమే ఇన్నేళ్ళ రాజకీయం అని నా అనుమానం. తిట్టుకోండి, పర్లేదు.

"కరువండీ, ఏం చేస్తాం" అనేవాళ్ళకి ఒక మాట. 2018 డిసెంబర్, 2019 జనవరిలో మెనిండీ దగ్గర లక్షల చేపలు చచ్చి తేలాయి. కారణం కరువు అన్నారు. సరే. 2023 మార్చిలో అక్కడే 2 కోట్ల నుంచి 3 కోట్ల చేపలు చచ్చాయి, వరద తీసిన తర్వాత, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి. ఎండితే కరువు తప్పు, తడిస్తే వరద తప్పు. నది పారే తీరునే మనుషులు మార్చేశారన్న మాట మాత్రం వీళ్ళ నోట రాదు!

ఇంకో కథ చెప్పాలి, కాస్త పక్కకు వెళ్తున్నా, ఆపలేను. బ్రోకెన్ హిల్ అనే గనుల పట్నం తాగడానికి మెనిండీ సరస్సుల మీదే ఆధారపడేది. 2019లో ముర్రే నది నుంచి 270 కిలోమీటర్ల పైపు వేసి ఆ పట్నానికి నీళ్ళిచ్చారు. పట్నానికి మంచిదే. కానీ మెనిండీ జనం అడిగారు: ఇక మా సరస్సులు నిండకపోతే అడిగేదెవరు? ప్రభుత్వాన్ని నిలదీసే పట్నం గొంతు ఆ పైపుతో తగ్గిపోయింది. ఎంత తెలివి చూడండి!

ఇక డార్లింగ్ నదిని బాకా అని పిలుచుకునే ఆదివాసులు, బార్కింజీ ప్రజలు. 2015లో ఫెడరల్ కోర్టు ఆ నేల మీద వాళ్ళ హక్కును గుర్తించింది. నేల వచ్చింది, మరి నీళ్ళో? ఖాళీ నది ఒడ్డున హక్కు పత్రం పట్టుకుని కూర్చోవాలా? ఇన్‌లాండ్ రివర్స్ నెట్‌వర్క్ లాంటి సంఘాలూ, కింది ఊళ్ళ జనమూ ఏళ్ళ తరబడి అడిగేది చాలా చిన్న సంగతి. ముందు నది చివరిదాకా పారాలి, తర్వాతే తోడుకోవాలి.

రైతుల వైపు కూడా వాదన ఉంది. లైసెన్సులు అమ్మేస్తే చిన్న ఊళ్ళు ఖాళీ అవుతాయంటారు, కొంత నిజమే. కానీ వరద నీళ్ళు నదిలో కలవకముందే పొలాల్లో చెరువులంత గుంటలు కట్టి పట్టేసుకున్నారే, దానికి న్యూ సౌత్ వేల్స్ ఉత్తర లోయల్లో లైసెన్సులు ఇవ్వడం మొదలైందే 2022లో. అప్పటిదాకా తీసుకున్నదానికి సరైన కొలతేది?

2023లో కొత్త చట్టం తెచ్చారు. లైసెన్సుల కొనుగోళ్ళ మీద ఉన్న 1,500 గిగాలీటర్ల పరిమితి ఎత్తేశారు, మొదటి లెక్కకు పైన నదులకు ఇస్తామన్న అదనపు 450 గిగాలీటర్లకు గడువు 2027 చివరిదాకా జరిపారు. మళ్ళీ అదే గొడవ: ఎంత కొనాలి, ఎంత కొనకూడదు! 2026లో బేసిన్ ప్లాన్ సమీక్ష ఉంది. ఆ పత్రంలో నేను మొదట వెతికేది మెనిండీకి కచ్చితంగా చేరాల్సిన నీళ్ళ అంకె. అది లేకపోతే మిగతా పేజీలు తిప్పను.

పత్తి తరఫున వాదించేవాళ్ళు కామెంట్లలోకి వస్తారని తెలుసు. రండి, కానీ మీ మోటారు మీటరు రీడింగ్ పట్టుకుని రండి.