బాదం ఆకులతో రంగుల పట్టీ: విస్తరి కుట్టు వస్తే చాలు

హాయ్ అండీ, ఫోన్ కిందకి తిప్పుతున్నా, చూడండి. ఇది మా వీధి చివర బాదం చెట్టు, ఇవన్నీ రాత్రి రాల్చిన ఆకులు. ఇవాళ వీటితోనే పని. జిగురు, దారం, టేపు ఏవీ వద్దు, కొబ్బరి చీపురులోంచి ఓ గుప్పెడు పుల్లలు లాక్కురండి చాలు. ఇంట్లో అడిగి లాగండి, లేదంటే నాలాగే పొద్దున్నే తిట్లు తినాలి.

ముందు ఆకులు ఏరడం. చెట్టు మీదవి కోయొద్దు. కింద పడ్డవాటిలోనూ వంచితే వంగేవే తీసుకోండి, చిటుక్కుమంటే పక్కన పడేయండి. ఆకు రాలే ముందు దాంట్లో క్లోరోఫిల్ పోయి లోపలున్న పసుపు బయటపడుతుంది, ఎరుపేమో ఆంథోసయనిన్ అనే రంగు అప్పుడు తయారవడం వల్ల వస్తుంది, అందుకే సగం పసుపు, సగం ఎరుపున్న ఆకులు కూడా దొరుకుతాయి. అవి దొరికితే అస్సలు వదలొద్దు.

ఇప్పుడు కుప్పలు పెట్టండి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, చివర్లో ముదురు ఎరుపు. పసుపుకీ ఎరుపుకీ మధ్యలో ఇందాకటి సగం సగం ఆకులు సర్దితే రంగు ఎక్కడ మారిందో తెలీదు. సగం టైమ్ ఇక్కడే పోతుంది, పోనివ్వండి, తొందరపడితే పట్టీ అతుకులేసినట్టు ఉంటుంది.

కుట్టు దగ్గరికొద్దాం. బాదం ఆకు కొస దగ్గర వెడల్పు, తొడిమ దగ్గర సన్నం, కదా? మొదటి ఆకు కొస కింద రెండో ఆకు తొడిమ వైపు మూడు వేళ్ల మేర దూర్చండి. పుల్లని పైనుంచి గుచ్చి, కింది ఆకు ఈనెకి అడ్డంగా పోనిచ్చి, అవతలి పక్క పైకి తీయండి, గుడ్డకి పిన్నీసు పెట్టినట్టు. మిగిలిన పుల్ల తుంచేయండి. ఈనెని పట్టుకోకుండా ఉత్త ఆకులో గుచ్చారో, ఎత్తగానే చిరిగిపోతుంది. మా అమ్మమ్మ మోదుగాకు విస్తరి మాట్లాడుతూనే కుట్టేసేది, నాకు ఒక్కో కుట్టుకి నాలుక బయటికొస్తోంది.

బ్రిటన్‌లో ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే కళాకారుడు ఇలాగే ఆకుల్ని ముళ్లతో కలిపి ఏటి నీళ్లలో వదిలారు. మీ దగ్గర తుమ్మ ముళ్లుంటే అవీ పనికొస్తాయి, వేళ్లు జాగ్రత్త.

నలభై ఆకులకి దాదాపు 6 మీటర్లొచ్చింది. ఆకుపచ్చ కొస చెట్టు మొదట్లో పెట్టి, చుట్టూ తిప్పుకుంటూ బయటికి తీసుకెళ్తున్నా. గాలి ఉంటే అక్కడక్కడా చిన్న రాళ్లు ఆకుల అంచు కింద కాదు, పైన పెట్టండి. ఫోటో మాత్రం నీడ ఉండగానే తీసేయండి, ఎండెక్కితే అంచులు ముడుచుకుపోతాయి.

అన్నట్టు, ఊడ్చే ఆవిడకి ముందు రోజే ఒక మాట చెప్పండి. పోయినసారి నేను చెప్పలేదు, టీకి వెళ్లొచ్చేలోపు నా రెండు గంటల పని నీట్‌గా గంపలో ఉంది, పాపం ఆవిడ తప్పేముంది.

తీసేయాల్సిన పనేం లేదు, పుల్లలతో సహా అన్నీ మట్టిలో కలిసేవే. అయ్యో, ఆగండాగండి, మేకొచ్చింది. ఎర్ర కొస నుంచి మొదలెట్టేసింది చూడండి.