చుట్ట సంగతి దాచొద్దు
(పలాస దగ్గర ఒక ఊళ్లో మహిళా సంఘం సమావేశంలో ఏఎన్ఎం ప్రసంగం)

అక్కలకూ, చెల్లెళ్లకూ, వెనక వరసలో కూర్చున్న అత్తమ్మలకూ నమస్కారం.

ఈ రేకు చూడండి. మాలా-ఎన్, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు. మొత్తం 28 మాత్రలు. తెల్లవి 21, గర్భాన్ని ఆపే రెండు హార్మోన్లూ వాటిలోనే ఉంటాయి. రంగువి 7, అవి ఐరన్ మాత్రలు. నెలసరి మొదలైన 5 రోజుల్లోపు మొదలుపెట్టి, రోజూ ఒకే వేళకి ఒకటి వేసుకోవాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. రేకు అయిపోయిన మర్నాడే కొత్తది.

ఇది మీలో చాలామందికి తెలుసు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే.

మొన్న ఒకావిడ మాత్రల కోసం వచ్చింది. 38 ఏళ్లు. "సిగరెట్, బీడీ తాగుతావా అమ్మా?" అని అడిగాను. "ఛీ, అవేం మాటలమ్మా!" అంది. అబద్ధం చెప్పలేదు. కానీ కొంగు ముడిలో సగం కాలిన చుట్ట ఉంది. నిప్పు నోట్లోకి పెట్టి పీల్చే అడ్డపొగ మనకి తరాల నాటి అలవాటు. దాన్ని పొగ తాగడం అని ఎవరూ అనుకోరు. అదీ పొగాకే అమ్మా. ఈ మాత్రల్లోని ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల రక్తం గడ్డకట్టే అవకాశం కొంత పెరుగుతుంది. 35 దాటిన మనిషికి పొగ కూడా తోడైతే గుండెపోటు, పక్షవాతం దాకా పోవచ్చు.

బీపీ 140/90 గానీ, ఆపైన గానీ ఉంటే ఇవి వద్దు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులున్న ఇళ్లు మనకి తెలియనివి కావు, బీపీ చూపించుకోకుండా మొదలుపెట్టకండి. 6 నెలల లోపు పాలు తాగే బిడ్డ ఉన్నా, కళ్ల ముందు మెరుపులొచ్చి తలనొప్పి వస్తున్నా, టీబీ మందులు వాడుతున్నా ముందే చెప్పండి. వీటికి బదులు ఛాయా మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ ఉన్నాయి, ఎవరికి ఏది సరిపడుతుందో చూసి ఇస్తాం.

ఒక మాత్ర మర్చిపోతే టెన్షన్ పడకండి. గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఆ రోజుది ఆ వేళకే. తెల్లవి వరసగా రెండు తప్పితే మాత్రం ఒకటి వెంటనే వేసుకుని, రేకు కొనసాగిస్తూ 7 రోజులు నిరోధ్ వాడాలి.

ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా మాత్ర ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగొద్దు.

బీపీ మిషన్ తెచ్చాను. ఒక్కొక్కరూ రండి. చుట్ట సంగతి నలుగురిలో చెప్పలేకపోతే నా చెవిలో చెప్పండి.