గిన్నెల చప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఒక స్టీలు గిన్నె తీసుకుని గరిటెతో కొట్టి చూడండి. ఈ ప్రసంగం రాసేముందు నేను కొట్టి చూశాను. ఒక్కరు కొడితే పక్కింటిదాకా వినిపిస్తుంది. ఊరంతా కొడితే? 2001 డిసెంబరు 19 రాత్రి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో ఊరంతా కొట్టింది.

ఆ పగలు పేదల వాడల్లో ఆకలికి తాళలేక జనం సరుకుల దుకాణాల మీద పడ్డారు. రాత్రి అధ్యక్షుడు ఫెర్నాండో దె లా రువా టీవీలో కనిపించి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వీధుల్లో గుమికూడకండని దాని అర్థం. జవాబుగా ఒక బాల్కనీలో గిన్నె మోగింది. ఎదుటి బాల్కనీలో మూకుడు మోగింది. కాసేపటికి వీధులకు వీధులే మోగాయి. అక్కడ డిసెంబరు ఎండాకాలం. ఇంట్లో ఉన్న బట్టలతోనే, కాళ్లకు చెప్పులతోనే, పిల్లలను వెంటబెట్టుకుని అధ్యక్ష భవనం ముందున్న మైదానానికి నడిచారు. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఏ ఊరేగింపులోనూ కనిపించని మామూలు మనుషులు. మర్నాడు సాయంత్రం దె లా రువా రాజీనామా చేసి, భవనం పైకప్పు మీది నుంచి హెలికాప్టర్‌లో వెళ్లిపోయారు. ఆ రెండు రోజుల్లో దేశమంతటా 30 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తర్వాత రెండు వారాలు తిరగకముందే, దె లా రువాతో కలిపి లెక్కిస్తే, అయిదో అధ్యక్షుడు వచ్చారు.

గిన్నెలే దేశాన్ని అస్థిరం చేశాయని అప్పుడు కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. గిన్నె చివరికి మోగింది. అసలు సంగతి అంతకుముందే జరిగింది.

1991లో ఒక పెసో ఒక డాలరుతో సమానమని అక్కడ చట్టం చేశారు. టెలిఫోన్లు, విమానాలు, చమురు ప్రైవేటుకు అమ్మారు. కొన్నేళ్లు వెలుగు కనిపించింది, ఆ తర్వాత అప్పు కొండలా పెరిగింది. 2001 జూలైలో ప్రభుత్వ జీతాల్లోనూ పెన్షన్లలోనూ 13 శాతం కోశారు. ఆ ఏడాదంతా బ్యాంకుల నుంచి డబ్బు విదేశాలకు తరలిపోతూనే ఉంది. అందులో ఎక్కువ భాగం కొద్దిపాటి పెద్ద కంపెనీలదేనని తర్వాత పార్లమెంటు కమిటీ విచారించి తేల్చింది.

వాళ్లు దాటిపోయాక, డిసెంబరు మొదట్లో ఆర్థిక మంత్రి దొమింగో కవాయో కంచె వేశారు. ఖాతాలో ఎంత ఉన్నా సరే, వారానికి 250 పెసోలు మాత్రమే చేతికి. దీన్ని అక్కడి వాళ్లు కొర్రలీతో అన్నారు, అంటే చిన్న దొడ్డి. మన పల్లెల్లో బందెలదొడ్డి చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. బలిసిన గిత్తలు ముందే గట్టు దాటిపోయాయి. తలుపు వేసేసరికి లోపల మిగిలినవి లేగదూడలు.

కాబట్టి మీకు ఒక్కటే చెబుతాను. ఏ దేశంలోనైనా బ్యాంకు డబ్బు మీద ఆంక్ష పెట్టారని వార్త వింటే, రెండు తేదీలు అడగండి. ఆంక్ష ఏ తేదీన పెట్టారు? పెద్ద ఖాతాలు ఏ తేదీకి ఖాళీ అయ్యాయి? ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మంత్రుల ప్రకటనలు తర్వాత చదవవచ్చు.

దొడ్డిలో చిక్కినవాళ్లకు ఏమైంది? కొత్త అధ్యక్షుడు ఎదువార్దో దువాల్దే, డాలర్లు దాచుకున్నవాళ్లకు డాలర్లే ఇస్తామని 2002 జనవరిలో మాట ఇచ్చారు. ఫిబ్రవరికల్లా ఆ మాట పోయింది. దాచుకున్న ఒక్కో డాలరుకు 1.40 పెసోలు అన్నారు. ఒక పెసోకు ఒక డాలరు అన్న పాత లెక్క పోయి, ఆ ఏడాది నడిమికి బజారులో డాలరు ధర 4 పెసోలకు దగ్గర పడింది. అదే బ్యాంకులకు డాలర్లలో అప్పు పడ్డవాళ్లు మాత్రం డాలరుకు ఒక్క పెసో కడితే చాలన్నారు. ఇంటి అప్పు ఉన్న మామూలు కుటుంబాలకూ దానివల్ల ఊరట కలిగింది, కాదనను. కానీ కోట్ల డాలర్ల అప్పులున్న కంపెనీలకూ అదే లెక్క కట్టారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

2002లో బ్యూనస్ ఎయిరిస్ బ్యాంకులు అద్దాలు పగలకుండా ముందువైపు ఇనుప రేకులు బిగించుకున్నాయి. ఖాతాదారులు, వాళ్లలో ఎందరో వయసు మళ్లినవాళ్లు, ఇళ్ల నుంచి సుత్తులూ గిన్నెలూ పట్టుకొచ్చి నెలల తరబడి ఆ రేకుల మీద కొట్టారు. రేకుల నిండా సొట్టలు పడ్డాయి.

నమస్కారం.